బొహీమియా గాజు, మన గాజులు

సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్ళినవాళ్ళు ముసుగు రెబెక్కా దగ్గర ఆగుతారు. గంటలు కొట్టే గడియారం ముందు గుంపు కడతారు. యూరప్ గాజు పెట్టిన గదిలోకి రాగానే మాత్రం నడక వేగం పెరుగుతుంది. ఎర్రవి, నీలివి, బంగారు అంచువి, అద్దం వెనకాల వరసలు వరసలు. ‘బాగున్నాయి’ అనుకోడానికి రెండు నిమిషాలు చాలు. నాకు చాలవు. పాత బొహీమియా గాజు సామాను పోగేసే పిచ్చి నాకుంది, అందుకని ఆ గదిలో పూట గడిపేయగలను. ఆ గదితోనూ, నాలాగా పోగేసేవాళ్ళతోనూ నాకు ఒకటే పేచీ. ఒక గాజు పాత్ర ముందు నిలబడి ఎక్కడ చేశారు, ఎవరు చేశారు అని అడుగుతాం. ఎవరి కోసం చేశారు అని అడగం. వెనిస్ గాజు విషయంలో ఆ మూడో ప్రశ్న లేకపోయినా పని నడుస్తుందేమో. బొహీమియా గాజుకి అదే అసలు ప్రశ్న.

బొహీమియా అంటే ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో పడమటి భాగం. 1918 దాకా ఆస్ట్రియా రాజుల కింద ఉండేది. గాజు చేసే ఊళ్ళన్నీ సరిహద్దు కొండల్లో ఉండేవి, అక్కడ ఎక్కువమంది మాట్లాడేది జర్మన్. అందుకే ఒక్కో ఊరికి రెండు పేర్లు: హైడా అన్నా నోవీ బోర్ అన్నా ఒకటే, గాబ్లొంజ్ అన్నా జాబ్లొనెత్స్ అన్నా ఒకటే. కొండల్లోనే ఎందుకంటే కట్టెల కోసం. కొలిమికి కట్టెలు కావాలి, ఆ కట్టెల బూడిదలోంచి తీసే పొటాష్ గాజులోకి కావాలి. వెనిస్ వాళ్ళు సోడాతో చేసే గాజు పల్చగా సాగుతుంది, ఊది ఎలా కావాలంటే అలా తిప్పొచ్చు. పొటాష్, సున్నం కలిపిన బొహీమియా గాజు గట్టిది, మందంగా వస్తుంది, చక్రం పెట్టి చెక్కితే నిలుస్తుంది. ప్రాగ్‌లో రెండో రుడోల్ఫ్ ఆస్థానంలో రత్నాలు చెక్కే కాస్పర్ లేమాన్ అదే పనితనాన్ని గాజు మీదకి తెచ్చాడు. 1609లో రాజు అతనికి దాని మీద ప్రత్యేక హక్కు ఇచ్చాడు. ఈ వివరం నాకు ముఖ్యమనిపిస్తుంది. ఈ కళ మొదలవ్వడమే ఒక విలువైన రాయి చోటు తీసుకోవడంతో మొదలైంది.

ఆ తర్వాత రెండు మూడొందల ఏళ్ళూ అదే వరస. 1817లో బుకోయ్ అనే జమీందారు తన ఎస్టేటులో నల్లటి గాజు చేయించి హైయాలిత్ అని పేరు పెట్టాడు. చూస్తే ఇంగ్లండ్‌లో వెడ్జ్‌వుడ్ వాళ్ళు చేసే నల్ల మట్టి పాత్రలు గుర్తొస్తాయి. 1820ల చివర్లో ఫ్రీడ్రిఖ్ ఎగెర్మాన్ చేసిన లిథియాలిన్ అచ్చం చారల రాయి: అగేటు, జాస్పరు అనుకుని తడిమి చూస్తే గాజు. ఇంకా పెద్ద పని అతను ఎరుపుతో చేశాడు. అసలైన కెంపు రంగు గాజుకి బంగారం కావాలి. జర్మనీలో కుంకెల్ 17వ శతాబ్దంలో బంగారం కరిగించి కలిపి ఆ రంగు తెచ్చాడు, దాని ధర రాజులకే. ఎగెర్మాన్ రాగితో ఒక పూత కనిపెట్టాడు. తెల్లగాజు పాత్ర మీద పూసి మళ్ళీ కాలిస్తే కెంపు ఎరుపు వస్తుంది. ఆ పల్చటి ఎర్ర పొరని చక్రంతో చెక్కితే కింద తెలుపు బయటపడుతుంది. ద్రాక్షతీగలు, లేళ్ళు, కోటలు అలా చెక్కినవే. కార్ల్స్‌బాడ్ లాంటి ఊళ్ళకి వేడినీటి బుగ్గల స్నానానికి వచ్చిన మధ్యతరగతి జనం వాటిని గుర్తుగా కొనుక్కుని ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు. తిరుపతి నుంచి మనం తెచ్చుకునే పటం లాంటిదన్నమాట, కాకపోతే మంచినీళ్ళు తాగడానికి కూడా పనికొచ్చేది.

దీన్నంతా అనుకరణ అని తీసిపారేసిన విమర్శకులున్నారు. నా ఉద్దేశంలో వాళ్ళు చూడవలసింది చూడలేదు. బొహీమియా వాళ్ళ ప్రతిభ సొంత శైలిలో లేదు, ఎదుటివాడి కోరికని పట్టుకోవడంలో ఉంది. నీకు కెంపు కావాలి, కొనలేవు, సరే, కెంపులా ఉండేది చేస్తాను. నీకు రాతి గిన్నె కావాలి, ఇదిగో. ఇలా చేయాలంటే ఎదుటివాడి ఇంట్లో ఏముందో, అతని కంటికి ఏది అందమో ముందు తెలియాలి. అది తెలిసింది వర్తకుల వల్ల. 17వ శతాబ్దం చివర్లో గేయోర్గ్ ఫ్రాంజ్ క్రైబిఖ్ అనే గాజు పనివాడు తోపుడు బండిలో గాజు సామాను పెట్టుకుని ఊరు దాటాడు. తర్వాతి నలభై ఏళ్ళలో సుమారు ముప్ఫై ప్రయాణాలు చేశాడు. లండన్, మాస్కో, కాన్‌స్టాంటినోపుల్ దాకా పోయి అమ్మి, ఆ తిరుగుళ్ళ గురించి రాసిపెట్టాడు కూడా. మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, చేతి కొలత చూసి గాజులు ఎక్కించే మన గాజులామె చేసిన పనికీ దీనికీ నాకు పెద్ద తేడా కనపడదు. ఇద్దరికీ సరుకు ఎంత ముఖ్యమో, ఎదుటి చెయ్యి తెలియడం అంత ముఖ్యం.

అలా ఎదుటి చెయ్యి చూసి చేసినవాటిలో మన చెయ్యి కూడా ఉంది. 19వ శతాబ్దంలో బొహీమియా నుంచి టర్కీకి, ఇరాన్‌కి, ఇండియాకి ప్రత్యేకంగా చేసిన సామాను వచ్చేది. హుక్కా బుడ్లు, పన్నీరు బుడ్లు, మూత గిన్నెలు, దీపాలు. తెల్లటి పొర మీద ఎరుపో ఆకుపచ్చో, ఆ మీద బంగారు నీటితో పువ్వులు. టర్కీ కోసం చేసినవి ఎంత బాగా కలిసిపోయాయంటే, ఇస్తాంబుల్ దగ్గరి బైకోజ్‌లో చేసినవేవో బొహీమియాలో చేసినవేవో విడదీయడం నిపుణులకే కష్టం. హుక్కా బుడ్డి సంగతి ఆలోచించండి. చేసినవాడు జీవితంలో హుక్కా పీల్చి ఉండడు. దాని మెడ ఎంత వెడల్పుండాలి, పొట్ట ఎంత గుండ్రంగా ఉండాలి అన్నది ఇక్కడి నుంచి పోయిన లెక్క. ఆ పాత్రకి రూపం ఇచ్చింది హైడాలోని కొలిమా, లేక దక్కన్‌లోని దివాన్‌ఖానానా?

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఈ ప్రశ్న వేయడానికి వీలు లేకుండా కట్టడమే ఉంది. నడుమ భవనం మన దేశానికి, పడమటి భవనం యూరప్‌కి, తూర్పు భవనం చైనా జపాన్‌లకి. పోగైన దాదాపు 43 వేల వస్తువుల్ని ఏదో ఒక పద్ధతిలో సర్దాలి, నిజమే. దేశాల వారీగా సర్దడం అందరికీ అర్థమయ్యే పద్ధతి. మ్యూజియం మొదలైంది 1951లో, ఇప్పటి కట్టడంలోకి మారింది 1968లో. అప్పటి ఆలోచనకి ఇది సహజం కూడా. కానీ ఇది మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్, ఆయన ముందటి ఇద్దరూ, మూడు తరాలుగా ఒకే ఇంట్లోకి కొన్న సామాను. దివాన్ దేవ్‌డీలో ఈ గాజూ, బీదరీ హుక్కా, చైనా పళ్ళెం ఒకే కప్పు కింద ఉండేవి. వాటిని విడదీసి మూడు భవనాల్లో పెట్టాక, యూరప్ గాజు యూరప్ అభిరుచికి గుర్తుగా మిగిలింది. ఏ మ్యూజియంలోనైనా ఇలాంటి వస్తువు పక్కన ఉండే లేబుల్ ఒకటే: బొహీమియా, 19వ శతాబ్దం. అది అడ్రసులో ‘నుంచి’ మాత్రమే. ‘కు’ లేదు.

హైదరాబాద్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. ఇక్కడ మెరిసే గాజంతా బెల్జియమే. చౌమహల్లా ఖిల్వత్‌లో వేలాడే షాండ్లియర్ల పేరు ప్రతిష్ఠ అలాంటిది. ఎర్రగడ్డ ఆదివారం అంగట్లో, జుమ్మేరాత్ బజార్‌లో కాస్త బరువున్న గాజు దేన్ని చూపించినా అమ్మేవాడు ‘బెల్జియం మాల్ సాబ్’ అంటాడు. నేను ఎదురు చెప్పను. బొహీమియా అంటే ధర పెరగదు, తగ్గదు, బేరం మాత్రం అరగంట లేటవుతుంది.

నా అలమార గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే వాదన ఇక్కడికే వస్తుంది. మేముండేది లక్డారంలో, పటాన్‌చెరు దాటాక. చుట్టూ కంకర క్రషర్లు, క్వారీలు. మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయితే అలమార తలుపు సన్నగా మోగుతుంది. ఎన్ని కిటికీలు మూసినా తెల్లారేసరికి గాజు మీద బూడిదరంగు పొర. ఈ దుమ్ముని పొడిగుడ్డతో తుడవకూడదు. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ గాజు కంటే గట్టిది, గుడ్డ కింద పడి గీరుతుంది. మామూలు గాజు మీద ఆ గీత కనపడదేమో. ఎగెర్మాన్ పద్ధతి ఎరుపు మీద కనపడుతుంది, ఎందుకంటే ఆ ఎరుపు పాత్ర లోపలి దాకా లేదు, పైపొరే. గీత పడ్డచోట తెలుపు తొంగి చూస్తుంది. కాబట్టి నీళ్ళతో కడగాలి, మెత్తగా, వేడి లేకుండా. ఎర్రగడ్డలో 1800 రూపాయలకి దొరికిన నా ద్రాక్షతీగల గిన్నెని వారానికోసారి అలాగే కడుగుతాను. కడిగినప్పుడల్లా దాని అంచు దగ్గర ఎవరిదో పెదవి, ఎవరిదో వేలు అరగదీసిన చోటు చూస్తాను. ధర లెక్కగట్టేవాళ్ళకి ఆ అరుగుదల లోపం. దాన్ని ఎవరో వాడారు అనడానికి నా దగ్గరున్న ఒకే ఒక సాక్ష్యం కూడా అదే.

ఇక కలెక్టర్ల సంగతి. బొహీమియా గాజు పోగేసేవాళ్ళలో ఎక్కువమంది కలవరించే పేరు లోట్జ్. క్లోస్టర్‌మ్యూలే అనే ఊళ్ళో ఫ్యాక్టరీ. జోహాన్ లోట్జ్ చనిపోయాక అతని భార్య సుసన్నా నడిపింది, అందుకే కంపెనీ పేరు చివరిదాకా ‘జోహాన్ లోట్జ్ వితంతువు’. (మొగుడు పోతే ఆడవాళ్ళ చేతి గాజులు పగలగొట్టిన దేశంలో కూర్చుని ఈ పేరు చదవడం వింతగా ఉంటుంది.) 1879 నుంచి మనవడు మాక్స్ ఫాన్ స్పౌన్ చేతికొచ్చాక, అమెరికాలో టిఫనీ తెచ్చిన తళుకు గాజు దారిలోనే వీళ్ళూ నడిచి, దాన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. నెమలికంఠం రంగు చీర కదిలినట్టు ఉంటుంది ఆ గాజు, నీలం అనుకునేలోపు ఆకుపచ్చ, ఆ వెంటనే రాగి. 1900 పారిస్ ప్రదర్శనలో పెద్ద బహుమతి వచ్చింది. చిక్కేంటంటే వాళ్ళు చేసినవాటిలో చాలావాటి మీద సంతకం లేదు. దాంతో తళుకున్న ప్రతిదీ లోట్జ్ అయిపోయింది. సంతకం లేనివాటికి తర్వాత ఎవరెవరో సంతకాలు చెక్కారు. 1989లో హెల్ముట్ రికె తదితరులు లోట్జ్ మీద రెండు సంపుటాల పుస్తకం తెచ్చి, ఫ్యాక్టరీ కాగితం నమూనాల్ని అచ్చు వేశాక లెక్కలు తేలడం మొదలైంది. లోట్జ్ అనుకున్నవి చాలా మటుకు క్రాలిక్ వాళ్ళవి, రిండ్స్‌కాప్ వాళ్ళవి, పాల్మె-క్యోనిగ్ వాళ్ళవి.

మంచి పరిశోధన, సందేహం లేదు. దాన్ని కలెక్టర్లు వాడే తీరే నాకు నచ్చదు. ఆఫీసులో మేం కోడ్ మీద గిట్ బ్లేమ్ కొట్టి ఏ లైను ఎవరు రాశారో చూస్తాం. ఆ పేరు తెలిస్తే ఆ లైను ఎందుకు రాశారో తెలిసిపోయిందనుకునే ప్రమాదం ఉంది. ఇక్కడా అంతే. లోట్జ్ అని తేలితే ధర పది రెట్లు, క్రాలిక్ అని తేలితే మొహం మాడ్చుకోవడం. మారింది పేరు, గాజు అదే. నిన్న నెమలికంఠంలా కనపడ్డది ఇవాళ ఎందుకు వెలవెలబోవాలి? బ్రూస్ చాట్విన్ 1988 నవల ‘ఉట్జ్’ చదివినవాళ్ళకి ఈ జబ్బు పరిచయమే. ప్రాగ్‌లో ఇరుకు ఫ్లాట్‌లో మైసెన్ పింగాణీ బొమ్మలు దాచుకున్నవాడి కథ అది. ఆ నవల్లో నాకు ఎప్పుడూ లోటుగా అనిపించేది ఒకటే, ఆ బొమ్మల్ని దాచినవాడి గురించి ఉన్నంతగా వాటిని వాడుకున్న ఇళ్ళ గురించి లేదు. దాచడం గురించి రాసేవాళ్ళందరిదీ అదే దారి.

వాడినవాళ్ళని లెక్కలోకి తీసుకుంటే, మన వైపుకి బొహీమియా నుంచి వచ్చిన గాజులో ఎక్కువ ఇళ్ళకి చేరింది హుక్కా బుడ్డి కాదు. చేతిగాజు. మ్యూజియంలు దీన్ని గాజు కింద చూడవు, నగల కిందో జానపద వస్తువుల కిందో వేస్తాయి. తెలుగులో ఆ తప్పించుకునే వీలు లేదు. కిటికీకి బిగించేదీ గాజే, ముంజేతికి వేసేదీ గాజే. సంస్కృతం ‘కాచం’ మన నోట్లో పడి గాజైంది, అదే మాట ముంజేతి మీద నగకీ పేరైంది. నేను బొహీమియా గాజు పోగేస్తానని అంటే మా అమ్మమ్మ ‘ఎన్ని డజన్లు?’ అంది. అది నవ్వులాటగా చెప్పుకునే మాటే అనుకున్నాను కానీ, గాబ్లొంజ్ చరిత్ర చదివాక అది చాలా సరైన ప్రశ్న అని తెలిసింది.

గాబ్లొంజ్ ఐజర్ కొండల కింద ఊరు. చుట్టుపక్కల కొలిముల్లో గాజు కడ్డీలు తీసేవాళ్ళు. ఆ కడ్డీల్ని పల్లెల్లో ఇళ్ళకి తీసుకెళ్ళి, మొగుడూ పెళ్ళాం పిల్లలూ కూర్చుని దీపం మంట మీద పూసలుగా, గుండీలుగా మార్చేవాళ్ళు. పీసుకింత కూలి. మన బీడీ పని ఎలాగో అలాగ. 19వ శతాబ్దం రెండో సగంలో ఇండియాకి గాజులు చేయడం అక్కడ ఒక పెద్ద పరిశ్రమయింది. హిందీ ‘బాంగ్‌డీ’ నుంచి ఇంగ్లీషులోకి పోయిన ‘బాంగిల్’ అన్న మాట ఆ కొండల జర్మన్‌లో కూడా సరుకు పేరుగా స్థిరపడింది. ఆ కొండల్లో కడ్డీలకి పేరుపడ్డ ఇల్లు రీడెల్. యురేనియం కలిపి పసుపు, ఆకుపచ్చ గాజు చేసి, ఇంటి ఆడపిల్ల అన్నా పేరు మీద అన్నాగెల్బ్, అన్నాగ్ర్యూన్ అని పిలిచింది వాళ్ళే. కలెక్టర్లు చీకట్లో అతినీల టార్చి వేసి చూసి మురిసిపోయే గాజు అది. (మా ఇంట్లో ఒక చిన్న గ్లాసుంది. టార్చి వేసి చూపిస్తే మా ఆవిడ ‘ఇది గ్లాసా, రియాక్టరా’ అంది.) ఆ గ్లాసు కలెక్టరు వస్తువు. ఆ కొండల్లోనే చేసిన చేతిగాజు ఎవరూ పోగేయని వస్తువు.

1905 స్వదేశీ ఉద్యమంలో బెంగాల్‌లో విదేశీ గాజులు పారేయమని పాటలు కట్టారు. 1907లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి, బెజవాడ, బందరు తిరిగి బహిష్కరణ గురించి ఉపన్యాసాలిచ్చాడు. విదేశీ వస్తువు అనగానే మనకి మాంచెస్టర్ బట్టే గుర్తొస్తుంది, చరిత్ర పుస్తకాలు అలా నేర్పాయి. పగలగొట్టమన్న గాజు మాత్రం ఇంగ్లండ్‌ది కాదు. ఇండియాని ఏలని దేశంలో, కొండపల్లెలో, కూలి గిట్టక దీపం ముందు కూర్చున్న ఆడమనిషి చేసింది. ఇక్కడ తప్పెవరిదని తేల్చలేం. 1914లో యుద్ధం వచ్చి ఆస్ట్రియా శత్రుదేశమైంది, సరుకు ఆగింది. ఆ ఖాళీలోకి జపాన్ వచ్చింది, ఫిరోజాబాద్ కొలిములు పెరిగాయి. యుద్ధం అయ్యాక గాబ్లొంజ్ వాళ్ళు చెకోస్లోవాకియా పేరుతో మళ్ళీ వచ్చారు కానీ పాత రోజులు రాలేదు. 1945 తర్వాత ఆ కొండల్లోని జర్మన్లని వెళ్ళగొట్టారు. కొందరు బవేరియాలో కౌఫ్‌బాయ్‌రెన్ పక్కన కొత్త ఊరు కట్టుకుని దానికి నోయ్‌గాబ్లొంజ్, అంటే కొత్త గాబ్లొంజ్ అని పేరు పెట్టి మళ్ళీ పూసలు, నగలే మొదలుపెట్టారు.

ఇంత పెద్ద రాకపోకకి మన దగ్గర మిగిలిన వస్తువు ఏదీ అంటే చూపించడానికి చాలా తక్కువ. హుక్కా బుడ్డి అల్మారాలో ఉండి బతికింది. చేతిగాజు చేతి మీద ఉంది, కాబట్టి చిట్లిపోయింది. శ్రీమంతానికి వేసుకున్నవి, పండక్కి మార్చినవి, బావి గట్టుకి తగిలి పోయినవి. పగిలిన ముక్కల్ని పిల్లలు ఏరుకుని దీపం మంట మీద వంచి గొలుసులు చేసేవాళ్ళు, మా అమ్మ చిన్నప్పుడు చేసిందట. ఆ పని గాబ్లొంజ్ పల్లెల్లో చేసిన పనే, తెలియకుండా. పోగేసేవాళ్ళు వస్తువు మిగలడాన్నే గొప్పగా లెక్కేస్తారు. అందరికంటే ఎక్కువ వాడుకలో ఉన్నదే అందరికంటే తక్కువ మిగులుతుంది అన్న సంగతి వాళ్ళ ధరల పట్టికలో ఎక్కడా కనపడదు.

జర్మనీలో పాసౌ అనే ఊళ్ళో బొహీమియా గాజుకి చాలా పెద్ద మ్యూజియం ఉంది, 1985లో దాన్ని ప్రారంభించింది నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్. కాలక్రమంలో, ఊళ్ళ వారీగా, గొప్పగా ఉంటుందని పేరు. నాకు మాత్రం జాబ్లొనెత్స్‌లో ఉన్న మ్యూజియం పేరు నచ్చుతుంది: గాజూ నగల మ్యూజియం. తెలుగు మాట చేసే పనినే ఆ బోర్డు చేస్తోంది. అలాంటి పని చేయడానికి ప్రపంచంలో సరైన చోట్లలో ఒకటి మూసీ ఒడ్డునే ఉంది. కొత్త కట్టడం అక్కర్లేదు, ఒక్క బల్ల చాలు. దాని మీద బొహీమియా గాజు, దక్కన్ బీదరీ హుక్కా, ఒక ఫిరోజాబాద్ గాజు, ఒక లాడ్‌బజార్ లక్క గాజు పక్కపక్కన. లేబుల్ మీద ‘నుంచి’తో పాటు ‘కు’ కూడా.

ఈసారి వెళ్తే పడమటి భవనంలో గాజు గది దగ్గర కాస్త ఆగండి. ఎర్ర పాత్రల అంచులు చూడండి, ఎరుపు అరిగి తెలుపు కనపడే చోటు ఏదైనా ఉందేమో. మ్యూజియంకి శుక్రవారం సెలవు.